యాడికి, ఎవురితో, ఎప్పుడొస్తావు

“సూడు, ఈ పిల్లోడు ఒగ దినం పేపర్లో పడతాడు. అదీ పటంతో,” అన్నాను నేను.

మా ఆయన ఓబులయ్య గడ్డం గీసుకుంటున్నాడు. బ్లేడు చెంప మీదే ఆపి అద్దంలోంచి నన్ను చూశాడు.

“ఇంగా ఏం కాలేదు గదనే.”

“అయినాంక చెప్పేకి నేనెందుకు? పేపరోళ్లే చెప్తారు.”

నిజానికి అప్పటికి ఏమీ కాలేదు. మా ఒక్కగానొక్క కొడుకు గంగాధర్ ప్రొద్దుటూరులో టీవీలు, టేపురికార్డర్లు బాగుచేసే అంగట్లో పనిచేస్తున్నాడు. ఇరవై ఒకటో ఏడు. సిగరెట్టు లేదు, సారాయి లేదు. కానీ రెండు నెలలుగా ఆదివారం వస్తే కనపడడు. గొంతు బొంగురుపోయింది. అడిగితే “వస్తాలేమా” అంటాడు తప్ప ఎక్కడికో చెప్పడు.

నేను అడగకుండా ఉండే మనిషిని కాదు. ఇంట్లోంచి ఎవరు గడప దాటినా మూడు మాటలు అడుగుతాను. యాడికి పోతాండావు, ఎవురితో పోతాండావు, ఎప్పుడొస్తావు. మా ఆయన పాలకు పోయినా అడుగుతాను. ఇరుగుపొరుగు నవ్వుతారు. నవ్వనీ. మా అన్న గుర్రప్పను నేను అడగలేదు.

మాది పులివెందుల వైపు పల్లె, గొర్రెలు కాసే ఇల్లు. మా అన్న మంద వదిలేసి ఊరి పెద్దాయన జీపులో వెనక కూర్చోవడం మొదలుపెట్టాడు. ఒక కేసు తర్వాత పదకొండు నెలలు కొండల్లో దాక్కున్నాడు. సంగటి మూట కట్టి పంపింది నేనే. బయటికొచ్చిన తొమ్మిదో రోజు ముద్దనూరు దారిలో జీపు మీద బాంబులు పడ్డాయి. ముందు సీట్లో ఉన్న పెద్దాయనకు ఒక చెవి పోయింది. వెనక సీట్లో ఉన్న మా అన్నను గోనెసంచిలో తెచ్చారు. ఆ ఏడే గొర్రెలన్నీ అమ్మేసి, చంకలో పిల్లవాణ్ణి వేసుకుని ప్రొద్దుటూరు వచ్చేశాం. వీడు ఎవరి జీపూ ఎక్కకూడదు. ఇరవై ఏళ్లుగా నేను చేసే పని అదొక్కటే.

ఆ మధ్యాహ్నం వాడి ప్యాంటు ఉతకబోతూ జేబులు చూశాను. చీటీ దొరికింది. నేను చదివింది ఏడో తరగతే అయినా మావాడి రాత నాకు బాగా తెలుసు.

“ఆదివారం 10 గం. జమ్మలమడుగు, రాళ్ల ఫ్యాక్టరీ. డ్రమ్ములు ఉస్మాన్ తెస్తాడు. వైర్లు నేను. అండర్‌గ్రౌండ్. ఎవరికీ చెప్పొద్దు. మూడు నిమిషాల్లో అయిపోవాల. ఎలక్షన్ల లోపల పులివెందులలో ఒకటి.”

చదివి బట్టలుతికే బండ మీదే కూలబడ్డాను. అండర్‌గ్రౌండ్ అంటే ఏమిటో మా జిల్లాలో బడికి పోని పిల్లోణ్ణి అడిగినా చెబుతాడు. ఎవరినైనా చంపిన మర్నాడు పేపర్లో ఆ మాట ఉంటుంది, నిందితులు అండర్‌గ్రౌండుకి పోయినారని. మా అన్న పోయింది కూడా అక్కడికే. వైర్లతో ఏం చేస్తారో, డ్రమ్ముల్లో ఏం నింపుతారో తెలుసు. మూడు నిమిషాల్లో ఏది అయిపోతుందో మరీ బాగా తెలుసు.

ఉస్మాన్ వాళ్లమ్మ ఖమ్రున్నీసాది మా పక్క గోడే. జాకెట్లు కుడుతుంది. తడిచేతులతోనే పోయాను.

“ఖమ్రూ, నీ కొడుకు డ్రమ్ములు తెస్తాండాడంట.”

“ఏం డ్రమ్ములక్కా? నీళ్లవా?”

చీటీ చదివి వినిపించాను. ఆమె మిషను తొక్కడం ఆపేసింది.

“యా అల్లా! దోమల పొగ సూస్తేనే వానికి దగ్గొస్తాది. వాడు బాంబు యాడ చుడతాడక్కా?”

“చుట్టేటోడు వేరే ఉంటాడు. మనోళ్లు మోసేవాళ్లు.”

“పోలీసోళ్లకు చెప్పేద్దామా?”

“చెప్తే ఎత్తకపోయేది మన పిల్లోళ్లనే. మనమే పోదాం. చెవి పట్టుకోని ఈడ్చకొద్దాం.”

ఖమ్రున్నీసా తన కాళ్ల చెప్పులు చూసుకుంది. “అట్లయితే కొత్త చెప్పులేసుకోని వస్తా. పాతవైతే కొట్టేటప్పుడు తెగిపోతాయి,” అంది.

ఆదివారం వాళ్లు పోయిన అరగంటకు మేమిద్దరం జమ్మలమడుగు బస్సెక్కాం. దారి పొడుగునా ఆమె అల్లాను తల్చుకుంటూ ఏదో చదువుకుంటూనే ఉంది. నేను మాత్రం లెక్కలేసుకుంటున్నాను. వాణ్ణి పట్టుకోగానే ఏ బస్సెక్కించాలి, ఏ ఊళ్లో చుట్టాలు మిగిలారు, బెంగళూరులో ఎవరైనా దొరుకుతారా.

ఊరి బయట నాపరాళ్లు నునుపు చేసే ఫ్యాక్టరీలుంటాయి. అడుగుతూ పోతే ఏడాదిగా మూతపడిన షెడ్డొకటి చూపించారు. బండలు గోడలకు ఆనించి ఉన్నాయి. ఇనుప షట్టరు సగం దించి ఉంది.

మేము ఇరవై అడుగుల దూరంలో ఉండగా లోపల ఒక దెబ్బ పడింది. పైన రేకులు అదిరాయి. ఖమ్రున్నీసా నా చెయ్యి పట్టుకుంది. ఇంకో దెబ్బ, ఆ వెంటనే వరసగా పది. వాటి వెనకే మావాడి అరుపు వినిపించింది. మనిషి మీద కత్తి పడితే వచ్చే అరుపు అది. నేను ఒకసారి విన్నాను, తప్పుగా చెప్పను.

షట్టరు ఎట్లా ఎత్తానో తెలియదు. లోపల గంగాధర్ మోకాళ్ల మీద వంగిపోయి ఉన్నాడు. కళ్లు మూసుకుని, మెడ నరాలు తేలి, నోటి దగ్గర నల్లటి కడ్డీ, దానికో వైరు. పక్కన ఎవరో సన్నటి పిల్లవాడు గిటారును గడ్డపారలా ఊపుతున్నాడు. ఉస్మాన్ వెనక కూర్చుని కనపడిందల్లా బాదుతున్నాడు. ఖమ్రున్నీసా చెప్పు నా చెవి పక్కనుంచి ఎగిరిపోయి ఉస్మాన్ ముందున్న ఇత్తడి పళ్లేనికి ఠంగున తగిలింది.

అన్నీ ఆగిపోయాయి.

“మా!” అన్నాడు గంగాధర్. అది మైకులో పడి షెడ్డంతా మోగింది.

“ఎవుర్రా నిన్ను కొట్టింది?”

“ఎవురూ కొట్టలేదుమా. పాట పాడతాండా.”

“పాటనా? పాటైతే గొంతు కోసినట్ల అరిచేదేందిరా?”

“అది అట్లనే పాడాలమా. పోస్ట్ హార్డ్‌కోర్ అంటారు.”

పోస్టు అనే మాట నాకు రెండు చోట్లే తెలుసు. ఒకటి ఉత్తరాలు వేసేది. ఇంకోటి మా అన్న ఒంటి మీద ఆసుపత్రిలో చేసింది. హార్డ్‌కోర్ అంటే పార్టీ కోసం ప్రాణాలిచ్చేవాళ్లని పేపర్లో రాస్తారు. రెండూ కలిపి విన్నాక వాడి ఒళ్లంతా ఒకసారి తడిమి చూశాను.

సన్నటి పిల్లవాడు ఒక బండ తుడిచి మమ్మల్ని కూర్చోబెట్టాడు. పేరు దేవపాలు. జమ్మలమడుగు మిషన్ కాంపౌండులో టీచరు కొడుకు. చర్చిలో గిటారు నేర్చుకున్నాడట. షెడ్డు వాళ్ల మేనమామది.

“బ్యాండమ్మా మాది. ఎలక్షన్ల లోపల పులివెందులలో ఒగ ప్రోగ్రాం ఇయ్యాలని సూస్తాండాం,” అన్నాడు. “ఇట్లాంటి పాటలు నెట్ సెంటర్లో విన్నాం. అమెరికాలో పిల్లోళ్లు కారు షెడ్లలో పాడుకుంటారు. పాట మూడు నిమిషాలకు మించదు. కంపెనీ ఉండదు. అంగట్లో క్యాసెట్టు దొరకదు. ఒగరి చేతిలోనుంచి ఇంగొగరి చేతికి పోతాది. అందుకే అండర్‌గ్రౌండ్ అంటారు.”

“ఆడ అంటారేమో. ఈడ ఆ మాట చీటీల మింద రాస్తే జైల్లో ఏస్తారు,” అన్నాను.

ఖమ్రున్నీసా ఒంటి కాలి మీద కుంటుతూ చెప్పు వెతుక్కుంటోంది. “మీ బ్యాండుకు పేరేందిరా?”

“కంప,” అన్నాడు ఉస్మాన్.

“కాల్లో దిగబడే ముండ్లకంపనా?”

“ఆ.”

“ఇంగే పేరూ దొరకలేదా మీకు? పెండ్లిండ్లకు ఎవురు పిలుస్తార్రా ఈ పేరుతో?”

“మేము పెండ్లిండ్లకు పోంమా.”

“అయితే తిండి గూడా లేదన్నమాట,” అంది ఆమె.

నేను గంగాధర్ వైపు తిరిగాను. “పాడు. నా ముందర పాడు.”

“ఇప్పుడా? నువ్వుంటే నాకు రాదుమా.”

“నన్ను ఇంత దూరం రప్పిచ్చుకోని పాడవా?”

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉస్మాన్ పుల్లలతో నాలుగు లెక్కపెట్టాడు.

మొదట నాకేమీ తెలియలేదు. లారీ హారన్ కొడితే మంద చెదిరినట్టు చప్పుళ్లు నాలుగు దిక్కులకూ పరుగెత్తాయి. కానీ చెదిరిన మందను మేము కళ్లతో వెతకం, చెవితో వెతుకుతాం. నూరు గొర్రెలు ఒక్కసారే అరిచినా తల్లి ఏదో, తప్పిపోయిన పిల్ల ఏదో మా ఇళ్లలో ఆడవాళ్లకు తెలిసిపోతుంది. అట్లా చెవి పెట్టాను. ఉస్మాన్ దెబ్బల కింద దేవపాలు గిటారు తీగ ఒకటి సన్నగా, తొందర లేకుండా నడుస్తోంది. మిగతావన్నీ దాన్ని తోసుకుని పోతున్నాయి, మళ్లీ దాని దగ్గరికే వస్తున్నాయి. ఒకసారి అది దొరికాక నేను వదల్లేదు. దాన్ని పట్టుకుని మావాడి గొంతు దాకా పోయాను. అప్పుడు మాటలు వినపడ్డాయి.

“యాడికి! ఎవురితో! యాడికి! ఎవురితో! ఎప్పుడొస్తావు!”

గోడలకు తల బాదుకుంటున్నట్టు అరిచాడు. తర్వాత అన్నీ తగ్గిపోయి, ఆ సన్నటి తీగ మీద మెల్లగా, శానా బాగా పాడాడు. “వస్తాలేమా, వస్తాలే, తలుపెయ్యాకు, వస్తాలే.” ఆ వెంటనే మళ్లీ అరుపు.

అవి నా మాటలు. నేను మామూలుగా అడుగుతున్నాననే ఇన్నాళ్లూ అనుకున్నాను. లోపల ఎంత అరుస్తూ అడుగుతున్నానో వాడు విన్నాడు.

పాట అయిపోయింది. ఖమ్రున్నీసా రెండు చెవుల్లోంచీ వేళ్లు తీసింది. గంగాధర్ నేల చూస్తున్నాడు.

“బాగలేదామా?”

“నన్నడక్కుండా నా మాటలెట్ల పెట్టినావురా?”

వాడు మైకు వైరు వేలికి చుట్టుకున్నాడు.

“ఇంగోసారి పాడు,” అన్నాను. “‘ఎవురితో’ అనేకాడ గట్టిగా లేదు.”

ఆ రోజు నుంచి వాణ్ణి ఆపలేదు. చీకటి పడకముందే బస్సెక్కాలని మాత్రం ఒట్టు వేయించుకున్నాను. ఆ పాటను వాళ్లే క్యాసెట్టులోకి ఎక్కించి తెలిసినవాళ్లకు పంచారు. వాళ్లు ఇంకొకరికి ఇచ్చారు. ప్రొద్దుటూరులో ఒక కాలేజీ వార్షికోత్సవంలో పాడితే ప్రిన్సిపాలు కరెంటు తీయించాడంట, పిల్లలు కరెంటు లేకుండానే మిగతా పాట అరిచారంట. నెల తిరిగేసరికి బజార్లో సైకిలు మీద పోయే పిల్లోళ్లు ఒకడు “యాడికి!” అంటే ఇంకొకడు “ఎవురితో!” అని కేకేస్తున్నారు. కూరగాయల దగ్గర నిలబడి అది విని నేను తల దించుకున్నాను. భయం వేసింది. అంతమంది నోట్లో పడిన మాట పార్టీవాళ్ల చెవిన పడకుండా ఎక్కడికి పోతుంది?

పడింది. ఎలక్షన్లు ఇరవై రోజులుండగా చిన్నసుబ్బయ్య వచ్చాడు. వరసకు మా ఆయనకు తమ్ముడు, పెద్దాయన దగ్గర మనిషి. బత్తాయిల సంచి చాప మీద పెట్టాడు.

“వదినా, మీవోడు శానా పెద్దోడైపోయినాడే! మా జీపుల్లో గూడా అదే క్యాసెట్టు.”

“నీకేం అర్థమాయెనప్పా దాంట్లో?”

“నాకా? తలనొప్పి. మా కాడుండే వయసు పిల్లోళ్లకు మాత్రం ఊపొస్తాది.” గంగాధర్ వైపు తిరిగాడు. “పెద్దాయన ముచ్చటపడినాడప్పా. పులివెందుల మీటింగులో నిన్ను జీపు మింద ఎక్కిచ్చి పాడిపిస్తాం. ఒగ మాట చేర్చాల, అంతే. ‘ఎవురితో’ అంటావు గదా, ఆడ ‘పెద్దాయనతో!’ అనాల. పదివేల మంది అరుస్తారు సూడు.”

గంగాధర్ లేచాడు. వాడి నోట్లో ఏ మాట ఉందో నాకు కనిపించింది. చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను.

“మంచిదప్పా,” అన్నాను. “జవాబు నేనే వచ్చి చెప్తా. పెద్దాయనకే.”

“నాకు చెప్తే చాలదా వదినా?”

“చాలదు.”

అతను పోగానే గంగాధర్ నా మీద పడ్డాడు. “మొగం మిందనే లేదని చెప్పింటే అయిపోవు గదా! ఒప్పుకుంటావా నువ్వు?”

“నీ ‘లేదు’ చిన్నసుబ్బయ్య నోట్లో పులివెందులకు చేరేలోపల బూతయిపోతాది. రేపు అవతలోళ్లు జెండా ఎత్తుకోని వస్తారు, మావోడే అని. గొర్రెకు చెవి గాటు పెట్టేది సూసినావా నువ్వు? గాటు మానినా గుర్తు పోదు. ఏ సంతకు పోయినా ఫలానోళ్లదని చెప్పేస్తాది. నీ చెవికి ఎవురూ గాటు పెట్టకూడదు.”

“అయితే నేనూ వస్తా.”

“నువ్వొస్తే ఆడనే జీపెక్కిస్తారు. అంగట్లోనే ఉండు. ఆ చిన్న టేపురికార్డరు బాగుచేసి నాకియ్యి. కొత్త సెల్లులెయ్యి.”

మర్నాడు పొద్దున్నే బయలుదేరాను. మా ఆయన బట్టలంగడి గోడౌనులో హమాలీ, ఆ వేళకు పనికి పోవాలి. తువ్వాల చుట్టుకుని నా సంచి అందుకుని ముందే వాకిట్లో నిలబడ్డాడు.

“యాడికి పోతాండావు?” అన్నాను.

“నీతో,” అన్నాడు.

బస్సులో నేను ఆయనకు అన్నీ చెప్పాను. మమ్మల్ని లోపలికి రానివ్వరని, రానిస్తే బయటికి పోనివ్వరని, పోనిచ్చినా ముద్దనూరు దారిలో బస్సు ఆపుతారని. ఆయన వేరుశనక్కాయలు కొని నా ఒళ్లో పోశాడు. తిన్నాను. భయం ఉంటే ఉంది, దిగిపోవాలని మాత్రం ఒక్క ఊరి దగ్గర కూడా అనిపించలేదు.

పెద్దాయన ఇంటి గేటు దగ్గర సంచి వెతికారు. టేపురికార్డరు చూడగానే తుపాకీ మనిషి నాలుగడుగులు వెనక్కి వేశాడు. వైర్లున్న పెట్టెను చూస్తే అక్కడ అట్లాగే చేస్తారు.

“ఏందది?”

“పాట.”

“ఆ చెట్టు కాడికి పోయి నువ్వే నొక్కు.”

వేపచెట్టు కింద నిలబడి నేనే నొక్కాను. గంగాధర్ అరుపు బయటికి రాగానే ఇద్దరు మనుషులు జీపు చాటుకు దూకారు. మూడోవాడు నవ్వడం మొదలుపెట్టాడు. “ఒరే, ఇది ‘యాడికి’ పాటరా!” అన్నాడు. లోపలికి పంపారు.

వసారాలో పెద్దాయన కుర్చీలో ఉన్నాడు. డెబ్బై దాటాయి. మేము పోగానే మంచి చెవి మావైపు తిప్పాడు. చిన్నసుబ్బయ్య పక్కనే నిలబడ్డాడు.

“ఎవురు?”

“గుర్రప్ప చెల్లెల్నప్పా. సుబ్బలక్ష్మమ్మను.”

ఆయన కళ్లు ఒకసారి మూసి తెరిచాడు. “కూచో,” అన్నాడు.

కూర్చోలేదు. టేపురికార్డరు ఆయన ముందున్న స్టూలు మీద పెట్టి నొక్కాను. మంద చెదిరింది. ఆయన మొహం చిట్లించాడు. ఆపమంటాడేమో అనుకున్నాను, అనలేదు. చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంగాడు. మావాడు అరిచాడు, మెల్లగా పాడాడు, మళ్లీ అరిచాడు. “ఎవురితో!” అన్న చోట నేను టేపు ఆపేశాను.

“అప్పా, ఈడ నీ పేరు పెట్టమంటాండారు,” అన్నాను. “నేను కాదని చెప్పేకి వచ్చినా. రేపు అవతలోళ్లు వస్తే వాళ్లకు గూడా కాదనే చెప్తా. కోపమొస్తే నా మింద పెట్టుకో, పిల్లోని మింద వద్దు. ఈ మాట నేను మా అన్నను ఒగసారి గూడా అడగలేదు. అడిగింటే నీ పేరే చెప్పుండేవాడు. నీ జీపులో వెనకాల కూచున్నోళ్లు ఎంతమందో నాకు తెల్దు, నీకు తెలుసు. ఇప్పుడు నా కొడుకు ఎవురితో పోవాలో నువ్వే చెప్పప్పా.”

చిన్నసుబ్బయ్య “వదినా!” అన్నాడు. పెద్దాయన చెయ్యెత్తి అతణ్ణి ఆపాడు.

లోపలి నుంచి ఎవరో టీ తెచ్చి పెట్టి వెళ్లారు. ఆయన ముట్టుకోలేదు. గ్లాసులో టీ మీద మీగడ కట్టింది. బయట ఎవరో జీపు కడుగుతున్నారు, బకెట్టు తర్వాత బకెట్టు నీళ్లు పడుతున్నాయి. మా ఆయన నా వెనక సంచి పిడి తిప్పుతున్నాడు, చూడకుండానే తెలుస్తోంది. జరగబోయేవన్నీ నా కళ్ల ముందు ఒకదాని వెంట ఒకటి జరిగిపోయాయి. గంగాధర్ అంగడి, పగిలిన అద్దాలు, గోనెసంచి. అన్న మాట వెనక్కి తీసుకుని, మీ ఇష్టమప్పా అని కాళ్ల మీద పడితే ఇవేవీ జరగవు. నోరు తెరవకుండా పళ్లు బిగించి నిలబడ్డాను.

ఎండ వసారా మెట్టు మీద నుంచి లోపలికి జానెడు జరిగింది.

పెద్దాయన స్టూలు మీది టేపురికార్డరును రెండు చేతులా తీసి, నా చేతిలో పెట్టాడు.

“నాతో వద్దులేమ్మా,” అన్నాడు.